ఇంటి సంగీత యంత్రమునకు నిశ్శబ్దమైన ట్రాన్సుఫార్మరు

సంగీతము వినువారికి సుఖమును కలిగించునది శబ్ద మొక్కటియే కాదు. శబ్దముల నడుమ నుండు నిశ్శబ్దమును అంతే సుఖమును కలిగించును. వైణికుడు మీటిన తీగ నాదము క్రమముగా సన్నగిలి గాలిలో లీనమగు క్షణమును, గాయకుడు ఆలాపనము నడుమ ఊపిరి తీసికొను క్షణమును, గాయకబృందము కీర్తనయొక్క తుదిమాటను మెల్లగా విడుచు క్షణమును తలచుకొనుడు. అట్టి వేళ యంత్రపు పెట్టెనుండి తుమ్మెద రొదవంటి మ్రోత యెడతెగక వినవచ్చుచున్నచో, ఎంత వెలపెట్టి కొన్న యంత్రమైనను వినువారి మనస్సునకు తృప్తి నీయజాలదు. ఆ మ్రోత ఏ గాయకుని శ్రుతికిని లోబడదు.

ఈ మ్రోతకు పలుమాఱు కారణమగునది యంత్రములోని ట్రాన్సుఫార్మరు అను భాగము. నేడు మన పట్టణములలో ఎందఱో యువకులు తామే ఆంప్లిఫయర్లను కూర్చుకొనుచున్నారు. మఱికొందఱు పాత యంత్రములలో చెడిపోయిన ట్రాన్సుఫార్మరును మార్పించుకొనుచున్నారు. వీరిలో చాలమంది వెలను, పరిమాణమును మాత్రమే విచారించి కొని, పిమ్మట మ్రోతకు విసిగి, దానిని పోగొట్టుటకై అపాయకరములైన ఉపాయములకు దిగుచున్నారు. కావున ఈ వస్తువును కొనునపుడు ఏమి చూడవలెనో, ఏల చూడవలెనో మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ట్రాన్సుఫార్మ రననేమి?

మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. అది ఒకే దిశను ప్రవహింపక, సెకండునకు 50 ఆవృత్తుల చొప్పున ముందునకును వెనుకకును ఊగుచుండును. దీనికి ఏకాంతర ప్రవాహమని పేరు. ఇంటి ఆంప్లిఫయరునకు ఇంత వోల్టేజి పనికిరాదు. సాధారణముగా ఇరువది ముప్పది వోల్టులు చాలును. 230 వోల్టులను అట్టి చిన్న వోల్టేజిగా మార్చునదే ట్రాన్సుఫార్మరు. మన శాస్త్రగ్రంథములలో దీనికి పరివర్తకమని పేరు.

ఇందలి సూత్రమును కనిపెట్టినవాడు మైకేల్ ఫారడే. 1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఆయన ఒక ఇనుప కడియముపై రెండు తీగచుట్టలను వేఱువేఱుగా చుట్టి, ఒక చుట్టలో ప్రవాహమును ప్రారంభించినపుడును ఆపినపుడును రెండవ చుట్టలో క్షణకాలము ప్రవాహము పుట్టుటను గమనించెను. 1885లో బుడాపెస్టు నగరమందలి గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అను మువ్వురు, అయస్కాంత బలము బయటికి పోకుండ ఇనుప గర్భమును పూర్తిగా మూసిన ట్రాన్సుఫార్మరును నిర్మించిరి. నేడు మనము వాడునవి దాని సంతతియే. మెయిన్సు విద్యుత్తును పుచ్చుకొను చుట్టను ప్రైమరీ యనియు, మార్చిన విద్యుత్తు నిచ్చు చుట్టను సెకండరీ యనియు అందురు. రెంటి చుట్ల సంఖ్యల నడుమ ఏ నిష్పత్తి యున్నదో వోల్టేజిల నడుమను ఇంచుమించు అదే నిష్పత్తి యుండును.

ఫోను చార్జర్లు మొదలగువానిలో నేడు సెకండునకు వేలకొలది ఆవృత్తులతో పనిచేయు స్విచింగు సప్లయిలు వచ్చినవి. అయినను నిర్మాణము సరళమగుటచేతను, చిరకాలము మన్నుటచేతను, మరమ్మతు సులభమగుటచేతను సంగీత యంత్రములలో 50 ఆవృత్తుల ట్రాన్సుఫార్మరు తన స్థానమును కోల్పోలేదు.

మ్రోత యేల పుట్టును?

1842లో జేమ్స్ జూల్ అను శాస్త్రజ్ఞుడు ఒక వింతను వెల్లడించెను. ఇనుప కడ్డీని అయస్కాంతముగ చేసినపుడు దాని పొడవు రవంత మాఱును. ఆ మార్పు పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్లు మాత్రమే, కంటికి కనబడదు. కాని ట్రాన్సుఫార్మరులోని ఇనుము సెకండునకు ఎన్నియో పర్యాయములు ఇట్లు సాగి ముడుచుకొనుచుండుటచే చుట్టునున్న గాలి కదలి ధ్వని పుట్టును.

మెయిన్సు 50 ఆవృత్తులదైనను మ్రోత 100 ఆవృత్తులది. ఏల యనగా, ఒక్కొక్క ఆవృత్తిలో అయస్కాంతబలము ఒక దిశను ఒక పర్యాయము, ఎదురుదిశను ఒక పర్యాయము బలపడును. ఇనుము సాగుటకు ఏ దిశ యైనను ఒకటియే. ఇనుము హెచ్చు శ్రమకు లోనైన కొలది ఈ 100తోపాటు 200, 300, 400 ఆవృత్తుల ధ్వనులును బలపడును. మన చెవి మిక్కిలి మంద్రమైన ధ్వనులకంటె వీనినే సులభముగా పసిగట్టును. అందుచే తేలికపాటి గుంజారవము సహింపదగినదిగాను, శ్రమపడు ట్రాన్సుఫార్మరుయొక్క కరకు మ్రోత దుస్సహముగాను తోచును. ఇదిగాక, రేకులు వదులుగా నున్నను, తీగచుట్టలు బిగువు తప్పినను అవియు కదలి మ్రోతను పెంచును.

ఇట్లు పుట్టిన చిన్న మ్రోతను పెద్దది చేయునది యంత్రపు పెట్టె. తంబురా తీగను ఒంటిగా బిగించి మీటినచో ఆ నాదము దగ్గఱివారికి గూడ సరిగా వినబడదు. కాయతో చేరినపుడే గదినిండ మ్రోగును. పలుచని రేకు పెట్టె ట్రాన్సుఫార్మరునకు అట్టి కాయ వంటిది.

రెండు విధములైన మ్రోతలు

వస్తువును మార్చకముందు మ్రోత యెక్కడినుండి వచ్చుచున్నదో నిశ్చయించుకొనవలెను. పాటను ఆపి, వాల్యూమును పూర్తిగా తగ్గించి, మొదట యంత్రపు పెట్టెకడను, పిమ్మట స్పీకరుకడను చెవి యొగ్గి వినవలెను.

పెట్టెనుండియే వచ్చుచున్నచో అది ఇనుముయొక్క కదలికవలన పుట్టిన మ్రోత. స్పీకరునుండి వచ్చుచున్నచో ట్రాన్సుఫార్మరు దేహము కదలుట దానికి కారణము కాదు. విద్యుద్దోషము ఆంప్లిఫయరులోనికి చొరబడినదని యెఱుగవలెను. స్పీకరులో వినబడునది మెత్తని మంద్రనాదమైనచో అది 50 ఆవృత్తులది. ట్రాన్సుఫార్మరునుండి వెలుపలికి చెదరిన అయస్కాంతబలముగాని, ఎర్తు తీగలు వలయముగా కలిసియుండుటగాని దానికి కారణము కావచ్చును. కరకుగా గీచినట్లుండు 100 ఆవృత్తుల మ్రోత డయోడులు, కండెన్సర్లు ఉన్న భాగమున దోషమును సూచించును. ఎర్తు దోషమునకు క్రొత్త ట్రాన్సుఫార్మరు మందు కాదు. ఈ భేదము నెఱుగక సొమ్ము వ్యర్థపఱచుకొనువారు పెక్కురు.

ఇనుమునకు విశ్రాంతి

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. ఇనుప గర్భములో అయస్కాంతబల మెంత దట్టముగా నున్నదో దానిని టెస్లా అను కొలతతో చెప్పుదురు. ట్రాన్సుఫార్మరు ఎంత మ్రోగునో నిర్ణయించుటలో ఈ సాంద్రతయే ప్రధానము.

పాటను బిగ్గఱగా పెట్టినపుడే ఇనుమునకు శ్రమ యనియు, మెల్లగా పెట్టినపుడు అది విశ్రమించుననియు చాలమంది తలంతురు. అది సరికాదు. సాంద్రతను నిర్ణయించునవి నాలుగు: ప్రైమరీకి తగిలించిన వోల్టేజి, అందలి చుట్ల సంఖ్య, గర్భముయొక్క అడ్డుకోత వైశాల్యము, సెకండునకు ఆవృత్తులు. మనము తీసికొను ప్రవాహమునకు ఇందు ప్రాధాన్యము లేదు. స్విచ్చి వేసిన క్షణమునుండి, పాట యున్నను లేకున్నను, ఇనుము పూర్తి పనిలో నుండును. పైగా, ఊరివారు నిద్రించి వాడకము తగ్గిన రాత్రివేళ చాలచోట్ల మెయిన్సు వోల్టేజి పెరుగును. చుట్టుపట్ల సందడియు తగ్గును. అందుచేతనే పగలు వినబడని మ్రోత రాత్రి వినబడును.

విద్యార్థులు గుర్తుంచుకొనదగిన లెక్క యిది: వోల్టేజి = 4.44 × ఆవృత్తులు × చుట్లు × వైశాల్యము × సాంద్రత. ఇందు వైశాల్యమును చదరపు మీటర్లలోను, సాంద్రతను టెస్లాలలోను చెప్పవలెను. ఒక ట్రాన్సుఫార్మరులో ఇనుముయొక్క అడ్డుకోత 10 చదరపు సెంటిమీటర్లు, అనగా 0.001 చదరపు మీటరు, అనుకొందము. సాంద్రత 1.5 టెస్లా లుండవలెనన్నచో వోల్టునకు 3 చుట్లు, అనగా 230 వోల్టులకు 690 చుట్లు కావలెను. సాంద్రత 1.2 టెస్లాలకు దిగవలెనన్నచో వోల్టునకు 3.75 చుట్లు, అనగా 863 చుట్లు వేయవలెను. 1 టెస్లాకు దింపవలెనన్నచో వోల్టునకు 4.5 చుట్ల లెక్కను 1,035 చుట్లు కావలెను.

సామాన్యపు సిలికాను ఉక్కు రేకులు సుమారు 1.5 టెస్లాలు దాటగానే అలసిపోవును. అనగా, ఇంకను కొంచెము సాంద్రత పెంచుటకు ఎంతో హెచ్చు ప్రవాహము కావలసివచ్చును. నార్మన్ గాస్ అను నాతడు 1934లో పేటెంటు పొందిన పద్ధతిచే, రేణువులన్నియు ఒకే దిశను తీరియుండునట్లు చేసిన మేలురకపు ఉక్కు సుమారు 1.7 టెస్లాల వఱకు ఓర్చును. మన ఇంటికి 230కి బదులు 250 వోల్టులు వచ్చినదనుకొందము. 690 చుట్ల ట్రాన్సుఫార్మరులో సాంద్రత 1.63 టెస్లాలకు ఎగబ్రాకును. సామాన్యపు రేకులైనచో అది మూలుగును. 863 చుట్లదానిలో 1.3 టెస్లాలకు మించదు. దానికి ఆ పెరుగుదల లెక్కలోనిది కాదు.

కావున మిగులు బలమును చేతనుంచుకొన్న ట్రాన్సుఫార్మరే నిశ్శబ్దముగ నుండును. చుట్లు పెంచినచో రాగి హెచ్చుగా కావలెను; హెచ్చు తీగకు చోటుకావలెను; కాబట్టి బరువును వెలయు పెరుగును. నిశ్శబ్దమునకు మనము చెల్లించు వెల ఇదియే. నిండు కుండ తొణకదను సామెత ఇచ్చట అక్షరాల చెల్లును: ఇనుమును రాగియు నిండుగా నున్నదియే తొణకక పనిచేయును.

చుట్టించుకొనువారికి సులభమైన యుపాయ మొకటి కలదు. సాంద్రత, టెస్లా అను మాటలు తెలియని పనివానికిని ఇది అర్థమగును. ప్రైమరీని 270 వోల్టులకు తగినట్లు చుట్టుమని, అయినను మెయిన్సు 230 ఉన్నపుడే సెకండరీ మనకు కావలసిన వోల్టేజి నిచ్చునట్లు లెక్కవేయుమని చెప్పవలెను. 270కి 1.5 టెస్లాలుగా చుట్టినది 230కి సుమారు 1.28 టెస్లాలతోనే పనిచేయును. దీనికి విరుద్ధముగా, 220 వోల్టులకు చుట్టిన దానిని 240 వోల్టులు వచ్చు ఇంట పెట్టినచో సాంద్రత నూటికి 9 పాళ్లు పెరుగును. అమెరికానుండి బంధువులు తెచ్చిన యంత్రముల సంగతియు నిట్టిదే. ఆ దేశమున మెయిన్సు 60 ఆవృత్తులది. మన 50 ఆవృత్తులతో నడపినపుడు, వోల్టేజిని సరిగా దింపియిచ్చినను, 60 ఆవృత్తులకు మాత్రమే తగినట్లు చేసిన గర్భములో సాంద్రత ఐదింట నొకపాలు పెరుగును. అచ్చట మౌనముగా నున్నది ఇచ్చట మ్రోగుటకు ఇది కారణము.

ఎంత శక్తిగలది కావలెను?

ట్రాన్సుఫార్మరు శక్తిని వోల్టు-ఆంపియర్లలో చెప్పుదురు. ఒక సాధారణమైన ఉదాహరణము: 8 ఓముల స్పీకర్లు రెండు, ఒక్కొక్కదానికి 25 వాట్లు. సెకండరీ 20-0-20 వోల్టులు. డయోడులు, కండెన్సర్లు దాటిన పిమ్మట ఇది ఇరువైపుల ఇంచుమించు 27 వోల్టుల ఏకముఖ విద్యుత్తగును. రెండు స్పీకర్లును పూర్తిగా మ్రోగునపుడు ఒక్కొక్క వైపునుండి సుమారు 1.6 ఆంపియర్లు లాగబడును. కాని కండెన్సర్లు ఈ ప్రవాహమును సమముగా తీసికొనవు. వోల్టేజి శిఖరమున నున్న స్వల్పకాలమునందే గ్రుక్కగ్రుక్కగా త్రాగును. అందుచే తీగ వేడెక్కుటలో ఆ 1.6 ఆంపియర్లు సుమారు 2.7 ఆంపియర్లతో సమానమగును. 40 వోల్టులను 2.7తో హెచ్చించినచో 108 వోల్టు-ఆంపియర్లు. కాబట్టి 150 లేక 160 వోల్టు-ఆంపియర్లది కొనుట వివేకము.

మఱియు నెక్కువదైన మఱింత నిశ్శబ్దమగునా? కాదు. ఎక్కువ శక్తివలన చుట్టలు చల్లగా నుండును, వోల్టేజి నిలకడగా నుండును. కాని సాంద్రత తగ్గింపక ఇనుమును మాత్రము పెంచినచో మ్రోగు దేహమే పెద్దదగును. 500 వోల్టు-ఆంపియర్ల శ్రమపడు ట్రాన్సుఫార్మరు కంటె 160 వోల్టు-ఆంపియర్ల విశ్రాంతిగల ట్రాన్సుఫార్మరు మేలు.

ఆకారభేదములు

అంగళ్లలో మూడు ఆకారములు ముఖ్యముగా దొరకును.

మొదటిది ఇ-ఐ రకము. ఆంగ్లపు ఇ, ఐ అక్షరముల వంటి రేకులను పేర్చి చేసినది. ఈ రేకులను చుట్టువారు స్టాంపింగు లందురు. వెల తక్కువ, ఏ పట్టణముననైన చుట్టింపవచ్చును. ఇ, ఐ రేకులు కలియుచోట రవంత సందు ఉండుటచే కొంత అయస్కాంతబలము వెలుపలికి చెదరును. కాని ఆ సందే దీనికి మెయిన్సు దోషములను ఓర్చుకొను గుణము నిచ్చును. చుట్టుపైన వెడల్పైన రాగిపట్టీ నొకదానిని మూసిన వలయముగా చుట్టించినచో చెదరు బలము తగ్గును.

రెండవది టొరాయిడు, అనగా ఉంగరపు రకము. ఫారడే వాడిన కడియమును ఇది జ్ఞప్తికి తెచ్చును. పొడవైన ఉక్కు పట్టీని గట్టిగా చుట్టి చేసిన గర్భమగుటచే అతుకులు లేవు. చెదరు బలము తక్కువ, బరువును తక్కువ. కాని స్విచ్చి వేసిన క్షణమున మిక్కిలి హెచ్చు ప్రవాహమును మ్రింగును. పెద్ద టొరాయిడులకు మెల్లగా కరగు ఫ్యూజుగాని, ప్రవాహమును క్రమముగా వదలు ఏర్పాటుగాని అవసరము.

మూడవది ఆర్-కోరు. గుండ్రని అడ్డుకోతగల అతుకులేని గర్భముపై ప్రైమరీ, సెకండరీలను వేఱువేఱు బాబినులపై చుట్టుదురు. రెండు చుట్టలును దూరముగా నుండుటచే మెయిన్సులోని చిల్లర రొదలు ఒకదానినుండి మఱియొకదానికి దాటుట తగ్గును. వెల కొంచె మెక్కువ.

వీనిలో ఏది శ్రేష్ఠము? చక్కగా చేసిన ఇ-ఐ, తక్కువ శ్రద్ధతో చేసిన టొరాయిడు కంటె మేలు. ఆకారము పేరును చూచి కాక, సాంద్రతను, చేతిపనిని చూచి కొనవలెను. ఏ రకమైనను ప్రైమరీ సెకండరీల నడుమ ఎర్తునకు కలుపు రాగితెర యున్నచో మంచిది. చుట్టలు వార్నిషులో చక్కగా నానియుండుట అత్యవసరము.

మెయిన్సులో దాగిన దోషము

కొన్ని యిండ్లలో టొరాయిడు ఒకప్పుడు మౌనముగాను, ఒకప్పుడు పెద్ద మ్రోతతోను ఉండును. దీనికి తఱచుగా కారణము ఏకాంతర ప్రవాహములో కలిసిన కొద్దిపాటి ఏకముఖ వోల్టేజి. తల ఆరబెట్టుకొను కొన్ని యంత్రములు సగము వేడిమికై డయోడుచే ఆవృత్తిలో సగమును మాత్రమే వాడుకొనును. అట్టివి నడచునపుడు మెయిన్సు రెండు సగములును సరితూగవు.

300 వోల్టు-ఆంపియర్ల టొరాయిడులో ప్రైమరీ నిరోధము ఇంచుమించు 4 ఓములు మాత్రమే. అందుపై అర వోల్టు ఏకముఖ వోల్టేజి పడినను 0.125 ఆంపియరు ప్రవహించును. బరువు లేనపుడు ఆ ట్రాన్సుఫార్మరు తీసికొను ప్రవాహము ఇందులో పదియవ వంతే యుండవచ్చును. ఇనుము ఒక ప్రక్కకు ఒరిగి, ప్రతి ఆవృత్తిలోను ఒక దిశను అలసిపోవును. ఇట్టిచోట ఇ-ఐ రకమును పెట్టుటగాని, తక్కువ సాంద్రతతో చుట్టించుటగాని, పెద్ద కండెన్సర్లతోను డయోడులతోను చేసిన ఏకముఖ నిరోధకమును మెయిన్సు దారిలో అనుభవజ్ఞునిచే పెట్టించుటగాని చేయవలెను.

అమర్చు విధము

మంచి వస్తువైనను అమరిక చెడినచో ఫలము లేదు. చెదరిన అయస్కాంతబలము దూరముతో చాల వేగముగా క్షీణించును. దూరము రెండింతలైనచో బలము ఇంచుమించు ఎనిమిదవ వంతగును. రికార్డు సూదినుండి వచ్చు సంకేతము కొద్ది మిల్లివోల్టులు మాత్రమే గనుక ఆ భాగమును ట్రాన్సుఫార్మరునకు పెట్టెలో రెండవ మూలను ఉంచవలెను. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? తెరలు కట్టుటకంటె దూరముగా నుంచుట సులభము. ఇ-ఐ రకమును ఏ దిశకు త్రిప్పిన స్పీకరులో మ్రోత తగ్గునో పరీక్షించుటయు మేలు. త్రిప్పునపు డెల్ల ప్లగ్గును ఊడదీయవలెను.

ట్రాన్సుఫార్మరు క్రింద రబ్బరు బిళ్లలు వేయవలెను. అడుగు రేకు దళసరిదై యుండవలెను. టొరాయిడును నడుమ నొక బోల్టుతో బిగింతురు. ఆ బోల్టు పైకొన యెట్టిపరిస్థితిలోను పెట్టె మూతకు తగులరాదు. తగిలినచో బోల్టును పెట్టెయు కలిసి ఒక మూసిన చుట్టగా మాఱి, అందు మిక్కిలి గొప్ప ప్రవాహము పుట్టి, ట్రాన్సుఫార్మరు కాలిపోవచ్చును.

అంగడిలో పరీక్ష

వస్తువును బల్లపై పెట్టించి, డిమ్మర్‌స్టాట్ ద్వారా 230 వోల్టులు, పిమ్మట 250 వోల్టులు ఇప్పించి, రెండు పర్యాయములును వినవలెను. వీధి సందడిలో వినబడని మ్రోతను గుర్తించుటకు, సెకండరీకి ఏమియు తగిలింపక ప్రైమరీ ప్రవాహమును కొలిపింపవలెను. ఇరువది వోల్టులు పెంచినంతలో ఆ ప్రవాహము రెండింతలైనచో ఇనుము అలసిపోవుచున్నదని తెలిసికొని దానిని విడిచిపెట్టవలెను.

తీగ రాగియా, అల్యూమినియమా అని అడుగవలెను. అల్యూమినియముయొక్క విద్యుద్వాహక శక్తి రాగిలో సుమారు 61 పాళ్లే గనుక, అదే లావు తీగ హెచ్చుగా వేడెక్కును. లోపల వేడిమి మించినపుడు తెగు ఫ్యూజు కలదా యని విచారింపవలెను. పూతల తరగతియు చూడదగినదే: ఎ తరగతి 105, బి తరగతి 130, ఎఫ్ తరగతి 155 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు ఓర్చును.

ప్రాణముకంటె నిశ్శబ్దము గొప్పది కాదు

మ్రోతను పోగొట్టుటకు కొందఱు మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తు తీగను త్రెంచివేయుదురు. మ్రోత తగ్గుటయు నిజమే. కాని ట్రాన్సుఫార్మరులోని పూత ఒకనాడు చెడి, మెయిన్సు లోహపు పెట్టెకు తగిలినచో, ఫ్యూజును తెంపి కాపాడవలసిన దారి ఆ తీగయే. అది లేనిచో 230 వోల్టులు పెట్టెపై నిలిచి, వాల్యూము త్రిప్పబోవు పసివాని చేతికొఱకు కాచుకొని యుండును. ఎర్తు వలయమువలన కలుగు మ్రోతను సంకేతపు తీగల అమరికను సరిచేసి పోగొట్టవలెను గాని, రక్షణపు తీగను ఎన్నడును తాకరాదు. విద్యార్థులు ఈ మాటను ఇంటిలో పెద్దలకు గూడ చెప్పవలెను.

అట్లే పెద్దల పర్యవేక్షణ లేక పిల్లలు ఇట్టి పెట్టెలను విప్పరాదు. స్విచ్చి తీసిన తరువాత గూడ కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండును. వాల్వుల యంత్రములలో అది వందలకొలది వోల్టులదై ప్రాణాంతకము కావచ్చును.

కొనబోవువారు ఈ మూడు ప్రశ్నలను జ్ఞప్తియం దుంచుకొందురు గాక. మ్రోత పెట్టెనుండియా, స్పీకరునుండియా? 250 వోల్టులు వచ్చినను ఇనుమునకు మిగులు బలమున్నదా? ఎర్తు తీగ చెక్కుచెదరక యున్నదా? మొదటిది సొమ్మును కాపాడును. రెండవది సంగీతమును కాపాడును. మూడవది ప్రాణమును కాపాడును. ఈ మూడింటికిని సంతృప్తికరమైన సమాధానము దొరకిన పిమ్మట వెల బేరమాడవచ్చును.